వంత పాడిన గది

మద్రాసు,
14-9-1961.

సుమిత్రక్కకు బీరన్న దండం పెట్టి రాస్తున్నాను.

కవరు చూడగానే వీడికి జ్వరమొచ్చిందో, ఉద్యోగం ఊడిందో అనుకుని ఉంటావు. రెండూ కాదు. నాయిన పాట రికార్డు బయటికొచ్చింది. నల్లటి పళ్లెం నడుమ గుండ్రటి కాగితం, దాని మీద అచ్చులో "దేవప్ప, మర్పల్లి" అని నాయిన పేరు. దాన్ని నా మంచం పక్కనే పెట్టుకుని రోజూ తీసి చూసుకుంటున్నాను.

ఆషాఢంలో నాయిన ఇక్కడికొచ్చిన సంగతి అవ్వ నీకు చెప్పే ఉంటుంది. మా స్టూడియో వాళ్లు పల్లెపాటలు వెతుకుతుంటే మా నాయిన ఒగ్గు కథ చెప్తాడని నేనే నోరు జారాను. అప్పటికి మీ మామ గొర్రెల మందతో కృష్ణ ఒడ్డుకు మేపుకు పోయి ఉన్నాడు. జోడు లేకుండా నేనెట్లా పాడాలని నాయిన రైల్లోనే మొండికేశాడు. నీకు చెప్పేదేముంది, చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. నాయిన ఒక వరస పాడి ఆపుతాడు, దాని చివరి మాటలు బిచ్చయ్య మామ అందుకుని తిప్పి పాడతాడు, ఆ తర్వాతే రెండో వరస. ఆయన నీకు మామగారు కాకముందు నుంచీ ఆ వంత లేకుండా నాయిన గొంతు విప్పింది లేదు. ఎలాగో బతిమాలి మైకు ముందు నిలబెట్టాను. కూర్చోమంటే కూర్చోలేదు, భుజం మీది గొంగడి తియ్యమంటే తియ్యలేదు.

ఇక జర నా గొప్ప చెప్పుకోనీ. ఇన్నాళ్లూ ఇక్కడ నా పని తీగలు చుట్టడం, టేపు ఎక్కించడం. ఈసారి మా ఇంజనీరుగారు, మీ నాన్న పాట కనుక నువ్వే కలుపు అన్నాడు. కలపడమంటే వంట లాంటిదే అక్కా. గొంతు ఎంత ఉండాలి, ఒగ్గు డమరుకం చప్పుడు ఎంత, కాలి గజ్జె ఎంత అని మీటలు తిప్పి రుచి చూసుకోవాలి. అన్నిటికన్నా చివర వేసేది ఎకో. స్టూడియో వెనక దానికోసమే ఒక గది ఉంది. కిటికీ లేదు, లోపల సామాను లేదు. నేల, గోడలు, కప్పు అన్నీ నున్నటి పింగాణీ పలకలు. ఒక మూల లౌడ్‌స్పీకరు పెట్టి పాటను లోపలికి వదులుతాం. ఇంకో మూల మైకు పెట్టి ఆ గది తిప్పి పలికినదాన్ని పట్టుకుంటాం. అది కొంచెం కలిపితే గొంతు గుళ్లో పాడినట్టు నిండుగా వస్తుంది. ఎక్కువైతే మాటలన్నీ ముద్దైపోతాయి. ఎకో వేసినట్టు తెలియకూడదు, తీసేస్తే మాత్రం తెలియాలి అంటాడు మా ఇంజనీరుగారు. నేను ఇంకాస్త ముందుకు పోయాను. ఏం చేశానో నువ్వే విను.

తాండూరులో ఎక్కడైనా వేస్తారేమో చూడు. మామకు తప్పకుండా వినిపించు. ఆయన ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా రాయి.

నీ తమ్ముడు,
బీరన్న


బషీరాబాద్,
3-10-1961.

తమ్ముడూ,

దీవెనలు ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే కింద రాసేవన్నీ తిట్లు.

మీ రికార్డు తాండూరు వచ్చింది. నేను వినిపించే దాకా ఆగలేదు, తనే వినపడింది. మొన్న సంతకు మామ పొట్టేళ్లను తోలుకుపోయాడు. స్టేషను దగ్గర డేరా సినిమా వేస్తున్నారు కదా, ఆట మొదలయ్యే ముందు కొయ్య మీద కట్టిన కొమ్ము బూరలో పాటలు వేస్తారట. బేరం మధ్యలో ఉండగా నాయిన గొంతు వినపడింది. మామ పొట్టేలి తాడు కొనేవాడి చేతిలోనే వదిలేసి డేరా దగ్గరికి ఉరికాడు. చుట్టూ ఉన్నవాళ్లకందరికీ "గీయన మా బావ. మా వియ్యంకుడు" అని చెప్పాడట. మొదటి వరస అయిపోయింది. మామ అలవాటు కొద్దీ నోరు తెరిచాడట, అక్కడే నిలబడి వంత అందుకుందామని. ఆయన కన్నా ముందు బూరలోంచి ఇంకెవడో అందుకున్నాడు.

ఈ సంగతంతా మాకు పక్కింటాయన చెప్పాడు. మామ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని గడంచె మంచంలో కూర్చున్నాడు. మా అత్త ఏమైందని అడిగితే దేవప్పకు కొత్త జోడు దొరికిందన్నాడు, అంతే. బువ్వ సగమే తిన్నాడు. పొద్దున నన్ను పిలిచి ఇంత మాట చెప్పాడు: "బిడ్డా, నీ తమ్మునికి రాసి అడుగు. నా జాగల నిలవడ్డోడు ఎవడు, ఏ ఊరోడు. మంచిగనే పాడిండు. పేరన్న తెలుసుకుంట."

మంచిగనే పాడిండు అన్నాడు చూడు, అదే నాకు గుండెలో గుచ్చుకుంది. నిజం చెప్పు. నాయిన ఎవరినన్నా వెంట తీసుకొచ్చాడా? మాఘంలో మర్పల్లిలో బీరప్ప జాతర ఉంది. వీళ్లిద్దరూ నిలబడి కథ చెప్పకపోతే ఆ జాతరకు అర్థమే లేదు. పుట్టింటికీ అత్తింటికీ నడుమ ఉన్నది నేను, నువ్వు మద్రాసులో హాయిగా ఉన్నావు.

నీ అక్క,
సుమిత్ర


మద్రాసు,
11-10-1961.

తిట్ల అక్కకు,

నీ ఉత్తరం చదివి ఒక్కడినే కూర్చుని నవ్వుకున్నాను. తోటివాళ్లు వీడికేమైందని చూశారు. నాయిన వెంట ఎవరూ రాలేదు. మామ విన్నది నాయిన గొంతే.

మొదటి నుంచి చెప్తాను, మామకు చదివి వినిపించు. నాయిన పాడిన పాట బోసిగా ఉందన్నాడు మా ఇంజనీరుగారు. ఒక వరసకూ ఇంకో వరసకూ నడుమ ఖాళీలు వస్తున్నాయి, వినేవాడు పాట అయిపోయిందనుకుంటాడు అన్నాడు. మరీ పొడుగ్గా ఉన్న ఖాళీని బ్లేడుతో టేపు కోసి అతికించేశాడు. మిగతా ఖాళీలు నింపమని నాకు వదిలాడు. గది ఎకో ఒక్కటే చాలదు, అది వెంటనే కరిగిపోతుంది. అందుకని నేను రెండు టేపు మిషన్లు దూరదూరంగా పెట్టి ఒకే టేపును ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి లాగాను. మొదటి మిషన్ నాయిన గొంతును టేపు మీద పట్టుకుంటుంది. ఆ టేపు నడిచి రెండో మిషన్ చేరేసరికి అదే గొంతు మళ్లీ పలుకుతుంది. ఎంత దూరమో అంత ఆలస్యం. బల్లను ముందుకూ వెనక్కూ జరుపుతూ ఒగ్గు దెబ్బకు సరిగ్గా పడేట్టు కుదుర్చుకున్నాను. ఆ వచ్చినదాన్ని గదిలోకి పంపి నిండుగా చేశాను. వరస చివరి మాటల దగ్గర మాత్రమే మీట తిప్పేవాణ్ణి, అందుకే ఆ మాటలే తిరిగొచ్చాయి.

మామకు వేరే మనిషిలా ఎందుకు వినపడిందో కూడా చెప్తాను. టేపు మీద రెండోసారి తిరిగిన గొంతు కొంచెం మొద్దుబారుతుంది. పైపదును పోతుంది. దానికి తోడు డేరా వాళ్ల కొమ్ము బూర. అంతే సంగతి. అనంతగిరి లోయలో గొర్లను కేకేస్తే కొండ తిరిగి కేకేసేది గుర్తుందా, ఇది కూడా అదే. నేను చేసిన కొండ అనుకో.

మామ విని కడుపుబ్బ నవ్వుతాడు చూడు. ఆయన నోరు తెరిచి నిలబడ్డాడంటే నా పని ఎంత బాగా కుదిరిందో తెలుస్తోంది. ఈ ముక్క మా ఇంజనీరుగారికి కూడా చెప్పాను.

బీరన్న


బషీరాబాద్,
2-11-1961.

చిరంజీవి బీరన్నకు,

నవ్వలేదు.

నీ ఉత్తరం మామ గొర్రెలకు బొచ్చు కత్తిరించుకుంటుండగా చదివాను. కత్తెర పక్కన పెట్టి విన్నాడు. రెండు మిషన్ల ముక్క మళ్లీ చదివించుకున్నాడు. నాకే సగం అర్థం కాలేదు, ఆయనకు మొత్తం అర్థమైంది. చివరికి అన్నాడు, కొండ పలికితే కొండ పలికినట్టే ఉంటుందట, ఇది తాళం తెలిసిన మనిషి పలికినట్టు పలికిందట. కత్తెర మళ్లీ చేతికి తీసుకుని, "మనిషిని పెట్టుకుంటె కొట్లాడుదు బిడ్డా. గోడనే వంత పాడుతుంటె ఇగ నేనెందుకు?" అన్నాడు.

ఆ రోజే తన కంచు తాళాలు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. జాతరకు రానని కబురు చెయ్యమన్నాడు. నీ ఉత్తరం రాకముందు ఆయనకు కోపం ఉండేది. నువ్వు కోపం తీసేసి దాని బదులు ఇంకా చెడ్డది పెట్టావు. నువ్వు చేసిన కొండ మా ఇంటి మీద పడింది నాయనా.

ఇక నాయిన వైపు వినిపిస్తాను. మా ఆయన కిష్టప్ప ఉన్ని అమ్మడానికి మర్పల్లి పోయి, ఈసారి మామ జాతరకు రాడట అని చెప్పి ఊరుకోవాలి కదా. ఎందుకు రాడని నాయిన అడిగితే, రికార్డు విన్న దగ్గర నుంచి మనసు బాగాలేదని అన్నాడు. అంత మాటకు నాయిన ఏం అనుకున్నాడో తెలుసా? పళ్లెం మీద తన ఒక్కడి పేరే పడిందని బిచ్చయ్యకు కండ్లమంట అనుకున్నాడు. ఇన్నేండ్ల జోడు నా పేరు చూసి ఓర్వలేకపోయిండా అన్నాడట. మా ఆయన ఆ మాటను మూటగట్టుకుని తెచ్చి ఇక్కడ విప్పాడు. ఈయన్ని ఉన్నితో పాటు అక్కడే అమ్మేసి ఉండాల్సింది.

కంది పూతకొచ్చింది. నా బిడ్డకు ముందు పళ్లు ఊడి, మాట్లాడితే గాలి పోతోంది. అదొక్కటే ఇంట్లో నవ్వించే సంగతి.

ఏదో ఒకటి చెయ్యి. కానీ ఆలోచించి చెయ్యి.

సుమిత్ర


మద్రాసు,
12-11-1961.

అక్కకు,

తప్పు నాదేనని ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది. నేను ఏం చెడగొట్టాను? పాట బాగుండాలనే చేశాను. మామను తక్కువ చెయ్యాలని కాదు కదా. పాట విన్నవాళ్లంతా ఆ తిరిగొచ్చే గొంతే బాగుందంటున్నారు.

అయినా మా ఇంజనీరుగారిని అడిగాను, ఎకో తీసేసి మళ్లీ రికార్డు కొట్టవచ్చా అని. అచ్చు అయిపోయిన పళ్లాలను ఏం చేస్తావు, నీళ్లలో కడుగుతావా అన్నాడు. కాబట్టి ఆ దారి మూసుకుంది.

నువ్వు ఫికర్ పడకు. నాయినకే నేరుగా ఉత్తరం రాశాను. మామ బాధపడింది పేరు గురించి కాదని, పెద్దవాడివి నువ్వే ముందు పోయి రెండు మంచి మాటలు మాట్లాడమని, పంతాలు వద్దని వివరంగా రాశాను. చదివితే ఆయనే బషీరాబాద్ బండెక్కుతాడు.

బీరన్న


బషీరాబాద్,
9-12-1961.

బీరన్నా,

నాయినకు చదువు రాదని మరిచిపోయావా, లేక మద్రాసు పోగానే అందరికీ చదువొచ్చినట్టు కనపడుతోందా?

నీ ఉత్తరం పోస్టుమాన్ పాండురంగం ఊళ్లో చాయ హోటల్ ముందు నిలబడి అందరికీ వినపడేట్టు చదివాడు. ఎవరి ఉత్తరమైనా ఆయన అట్లనే చదువుతాడు, మద్రాసు ఉత్తరమైతే ఇంకో నలుగురిని పిలిచి మరీ చదువుతాడు. పంతాలు వద్దు అన్న దగ్గర ఎవరో నవ్వారట. కొడుకు తనకు బుద్ధి చెప్పేంతవాడయ్యాడా అని నాయిన అక్కడి నుంచి లేచిపోయాడు. అదే రోజు కులపెద్దల దగ్గరికి పోయి, ఈసారి జాతరకు వంతకు మొగులప్పను పిలవమని చెప్పాడు. మొగులప్ప మంచి పాటగాడే. అదే కదా బాధ.

మామకు ఈ కబురు రైల్లో తెలిసింది. ఇంటికొచ్చి నాతో, నువ్వు పో బిడ్డా జాతరకు, నీ తల్లిగారిల్లు అది, నిన్ను నేనాపుతానా అన్నాడు. ఆపినా బాగుండేది. ఈ సంవత్సరం వేరే మనిషి నిలబడితే వచ్చే సంవత్సరం వీళ్లిద్దరినీ ఎవరూ కలపలేరు. నా బతుకంతా ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో దాచుకుంటూ తిరగాలి.

ఇంక నువ్వు ఎవరికీ ఉత్తరాలు రాయకు. నాకు కూడా.

సుమిత్ర


మద్రాసు,
28-12-1961.

అక్కకు,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

నిన్న స్టూడియోలో పని లేదు. నాయిన పాట మొదటి టేపు ఉన్న రేకు డబ్బా బయటికి తీశాను. ఎకో లేకుండా వేరే పళ్లెం కొట్టించి మామ ఒక్కడికే పంపితే ఎట్లుంటుందా అని ఆశ. గది మీట మొత్తం కిందికి దించాను. రెండో మిషన్ తీగ పీకేశాను. నాయిన గొంతు ఒక్కటే, పచ్చిగా, మైకు ముందు ఎట్లా పాడాడో అట్లాగే విన్నాను. నిజం చెప్పనా, కలపడం మొదలుపెట్టిన రోజు నుంచి నేను దాన్ని ఒక్కసారి కూడా అట్లా వినలేదు. ఏం కలపాలా అనే చూశాను.

మొదటి వరస పాడి నాయిన ఆగాడు. రెండోది పాడి ఆగాడు. ప్రతిసారీ అంతే. ఆ ఖాళీలు చూసి మా ఇంజనీరుగారు మీ నాన్న పాట మరిచిపోయి తడుముకుంటున్నాడేమో అన్నాడు, నేను కూడా అవుననుకున్నాను. నిన్న నాకే తెలియకుండా నోట్లో మామ వంత వచ్చింది. నాయిన ఆగిన చోట నేను గొణిగాను. నా గొంతు అయిపోయిన చోటే నాయిన మళ్లీ ఎత్తుకున్నాడు. ముందూ కాదు, వెనకా కాదు, ఇంజనీరుగారు టేపు కోసిన ఒక్క చోట తప్ప.

ఇంకొకటి విను. మామ వంత పాడేటప్పుడు చివర్లో గొంతు కొంచెం పైకి లేపి వదులుతాడు కదా. నాయిన తర్వాతి వరస ఆ పైనుంచే ఎత్తుకున్నాడక్కా. తను ఆపిన చోటు నుంచి కాదు. ఎవరో చేతికి అందిస్తే అందుకున్నట్టు పైనుంచి. మద్రాసులో, ఒక్క మనిషి కూడా పక్కన లేని గదిలో.

నాయిన ఒంటరిగా పాడలేదు. మామతోనే పాడాడు. మామ కోసం వదిలిన జాగాలో నేను మిషన్ తెచ్చి కూర్చోబెట్టాను. నువ్వు తిట్టినదానికన్నా ఎక్కువే తిట్టుకుంటున్నాను. మామకు చెప్తావో లేదో నీ ఇష్టం.

బీరన్న


బషీరాబాద్,
16-1-1962.

బీరన్నా,

చింపలేదు.

చాలా రోజులు చెప్పాలా వద్దా అనుకున్నాను. పోయినసారి నీ ఉత్తరం చదివితే ఏమైందో చూశాను కదా. చివరికి నిన్న, మామ తల్లి లేని గొర్రెపిల్లకు పాలు పడుతుంటే పక్కన కూర్చుని చదివాను. పిల్ల తాగడం అయిపోయింది, ఆయన ఆ సీసా అట్లాగే పట్టుకుని ఉన్నాడు.

ఒక్కటే అడిగాడు. కథలో మంద కొండ దిగే వరస ఉంది కదా, అక్కడ నాయిన ఎంతసేపు ఆగాడని. ఎందుకంటే అక్కడ మామ వంతను పొడుగ్గా లాగుతాడు, చిన్నప్పుడు నువ్వూ నేనూ ఊపిరి బిగబట్టి పందెం వేసుకునేవాళ్లం. నాయిన ప్రతి జాతరలో అందరి ముందు తిడతాడు, నీ మంద కొండ దిగేసరికి నా గడ్డం నెరుస్తది బావా అని. "గాడ తక్కువ ఇడిచిండంటె నన్ను ఇడిచినట్టే" అన్నాడు మామ. "గాడ ఎంత ఇడిచిండో అడుగు."

జాతర మాఘ పున్నమికి. తొందరగా రాయి.

సుమిత్ర


మద్రాసు,
25-1-1962.

అక్కా,

ఆ ఖాళీ రికార్డులో లేదు, మొదటి టేపులో కూడా లేదు. ఇంజనీరుగారు బ్లేడుతో కోసేశాడని రాశానే, అది అదే. మరీ పొడుగ్గా ఉందని, పళ్లేనికి అంత చోటు లేదని కోశాడు.

కోసిన ముక్కలు ఇక్కడ వెంటనే పారెయ్యరు. డబ్బా అడుగున చుట్టి పెడతారు. వెతికితే దొరికింది. ఈ కవర్లో పెట్టాను, గోధుమరంగు రిబ్బను లాంటిది. జాగ్రత్తగా విప్పు. బారెడు ఉంటుంది. పంపే ముందు మిషన్ మీద వేసి విన్నాను. పాట లేదు. నాయిన ఊపిరి ఉంది, ఒకసారి గజ్జె కదిలింది, అంతే. టేపు నడిచే వేగం మామకు తెలియదు కాబట్టి చెప్తున్నాను, ఒక చివర పట్టుకుని తీరిగ్గా చేతులు చాపుతూ పోతే రెండో చివర చేరేంత సేపు.

అది నాయిన మామకు వదిలింది. ఆయనదే, ఆయనకే ఇచ్చెయ్యి.

బీరన్న


మర్పల్లి,
23-2-1962.

నా తమ్ముడికి, చాలా రోజుల తర్వాత తిట్లు లేని ఉత్తరం.

నీ రిబ్బను ముక్క మామ చేతికిచ్చి నువ్వు రాసినట్టే చెప్పాను. వెలుతురుకు పెట్టి చూశాడు. వాసన చూశాడు. ఒక చివర ఎడమ చేత పట్టుకుని, కుడి చెయ్యి మెల్లగా చాపుతూ నోట్లోనే మంద కొండ దిగే వంత పాడుకున్నాడు. చెయ్యి చివరికి పోయింది, వంత కూడా అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి పాడి చూసుకున్నాడు. అప్పుడు కూడా సరిపోయింది. కండ్లు తుడుచుకుని, మర్పల్లి పోవాలంటే వికారాబాదులో బండి ఎప్పుడు దొరుకుతుందని మా ఆయన్ని అడిగాడు. మా అత్త అప్పటికే సద్ది మూట కట్టడానికి లోపలికి పోయింది.

కానీ మామ సంగతి నీకు తెలుసు కదా. రావడం వచ్చాడు గానీ వచ్చానని ఎవరికీ చెప్పనివ్వలేదు. తాళాలు నా సంచిలో పెట్టించాడు. గుడి ముందు జనం కూర్చుంటే ఆయన అందరికన్నా వెనక, ఆడవాళ్ల పక్కన, తలకు రుమాలు దించుకుని కూర్చున్నాడు. పిలవని పేరంటానికి వచ్చినవాడిలా ఉన్నాడు. నాకైతే నాయిన మీద, ఈయన మీద, నీ మీద ఒకేసారి కోపం వచ్చింది.

నాయిన ఒగ్గు పట్టుకుని లేచాడు. పక్కన మొగులప్ప తాళాలతో తయారుగా ఉన్నాడు. నాయిన మొదటి వరస పాడి ఆపాడు. మొగులప్ప అందుకోబోతే నాయిన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. మామను చూశాడో, చూడకుండానే ఆపాడో నాకు తెలియదు. ఆపి, ఊరికే నిలబడ్డాడు. ఒగ్గు వాయించలేదు. రెండో వరస ఎత్తుకోలేదు. మొదట జనం నాయిన పాట మరిచిపోయాడనుకున్నారు. పిల్లలు నవ్వారు. కులపెద్ద ఒకాయన కానీ దేవప్పా అన్నాడు. నాయిన కానివ్వలేదు. ముసలాయన చెమటలు కారుతూ ఆ దీపాల ముందు అట్లాగే నిలబడి ఉంటే, నేను మామ రుమాలు పట్టుకుని గుంజబోయాను. కోడలు మామ రుమాలు గుంజడం ఎక్కడైనా ఉందా, అయినా గుంజేదాన్నే.

అంతలోనే మామ అందుకున్నాడు. కూర్చున్న చోటు నుంచే, తాళం లేకుండా. జనం వెనక్కి తిరిగి చూశారు. చివర్లో గొంతు పైకి లేపి వదిలాడు, నాయిన ఆ పైనుంచే రెండో వరస ఎత్తుకున్నాడు. మూడో వరసకు మామ లేచి జనంలోంచి నడుచుకుంటూ ముందుకు పోయాడు. మొగులప్ప మంచివాడు, తన తాళాలు మామ చేతికిచ్చి తప్పుకున్నాడు. నేను ఏడ్చానని నువ్వు అనుకుంటే అనుకో, ఏడ్చాను.

కథ అయ్యాక ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అవ్వ బువ్వ పెట్టింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రికార్డు మాట, నీ ఉత్తరం మాట, మొగులప్ప మాట ఒక్కటి కూడా రాలేదు. మామ ముద్ద కలుపుకుంటూ తల ఎత్తకుండానే అడిగాడు.

"నేను అందుకోకపోతె ఎంతసేపు నిలవడేటోనివి బావా?"

నాయిన కూడా తల ఎత్తలేదు.

"నువ్వు అందుకునేదాక."

అవ్వ ఇద్దరికీ ఇంకో గంటెడు పులుసు పోసింది.

నీ అక్క,
సుమిత్ర